చెరువు కాయ

పిన్ని వాళ్ల మిద్దె గదిలో అడుగుపెడితే చాలు, ఎండిన సొరకాయల వాసన, పాత గోనెసంచులూ గింజలూ కలిసినట్టుండే ఆ దుమ్ము వాసన, నన్ను చిలకలగూడలో కాప్రా బస్సు ఎక్కించేస్తుంది.

చిన్నప్పుడు సెలవులన్నీ కాప్రాలో నాయనమ్మ దగ్గరే. ఆమె ఇల్లు చెరువు గట్టున ఉండేది. వానాకాలంలో పెట్టిన సొరపాదు క్రిస్మస్ నాటికి రేకుల కప్పంతా అల్లుకునేది. కాయల్లో అన్నిటికన్నా పెద్దదాన్ని ఎవరూ ముట్టకూడదు, అది చెరువు కాయ. ఎండాకాలం నీళ్లు వెనక్కి పోయి, నెర్రెలిచ్చిన మట్టిలో పాత మోటబావి బయటపడగానే, నాయనమ్మ ఆ ఎండిన కాయకు ఎర్రరంగు పూసి, పొడుగాటి తాడుతో బావి గట్టు రాయికి కట్టి వచ్చేది. వానలకు చెరువు నిండి బావి మునిగితే, కాయ దానంతటదే లేచి బావి మీద తేలేది. వలలేసేవాళ్లు, బర్రెల్ని కడిగేవాళ్లు, మోకాలి లోతులో కేరింతలు కొట్టే మేము, అందరం దానికి ఇవతలే ఆగేవాళ్లం. నేను పుట్టకముందు మా పెద్దబాబాయి ఆ బావిలోనే మునిగి చనిపోయాడు. అప్పటికి అక్కడ ఏ గుర్తూ లేదు.

చిన్నబాబాయిని చేసుకుని భీమవరం నుంచి కొత్తగా వచ్చిన పిన్నికి ఈ సంగతి చెప్పాలని ఇంటినిండా ఉన్న మనుషుల్లో ఒక్కరికీ తోచలేదు. పండగనాడు మేమంతా చర్చి నుంచి వచ్చేసరికి చెరువు కాయ హల్వా అయిపోయి, నేతిలో మెరుస్తోంది.

“ఇంత లేత కాయని ముదరబెట్టేస్తారేంటండీ అత్తయ్యగారూ!” అంది పిన్ని నవ్వుతూ.

నాయనమ్మ గిన్నె వంక చూసి, “తినుండ్రి పిల్లలూ,” అని లోపలికి పోయింది. మేం తిన్నాం. హల్వా చాలా బాగుంది, నాకు ఇప్పటికీ బాధ అదే.

మిగతా కాయలు అప్పటికే కూరలైపోయాయి. ఆ ఎండాకాలం కాయకు బదులు నూనె డబ్బా కట్టారు. అది తుప్పుపట్టి, చెరువు నిండగానే మునిగింది. అంత నీళ్లలో మళ్లీ కట్టే దారి లేదు. ఇక నాయనమ్మే గొడుగేసుకుని బావికి ఎదురుగా గట్టు మీద కూర్చుంది, పొద్దున్నుంచి చీకటిపడేదాకా. ఇంట్లోకి రమ్మని పిన్ని కాళ్లావేళ్లా పడితే, “నేన్ లేస్తే గా పోరగాండ్లకు బాయి యాడుందో ఎవలు జెప్తరు?” అనేది.

ఆ ఏడు పిల్లలెవరూ మునగలేదు. నాయనమ్మకు పట్టిన జ్వరం మాత్రం ఛాతీలోకి దిగి, వానలు వెలిసేలోపే ఆమెను తీసుకుపోయింది. సమాధి చేసి వచ్చిన మర్నాడు అదే గొడుగు కింద పిన్ని కూర్చుంది.

ఇప్పుడు ఆ గట్టు లేదు, రేకుల ఇల్లు లేదు. చెరువు కుంచించుకుపోయింది. బావిని పూడ్చిన చోట అపార్ట్‌మెంటు వాళ్ల కార్లు ఆగుతున్నాయి. పిన్ని మాత్రం మిద్దె మీద తొట్టిలో సొరపాదు పెడుతూనే ఉంది, ఏటా పెద్ద కాయను వదిలేస్తూనే ఉంది. గదిలో కాలు పెట్టే చోటు లేదు.

“ఇన్నెందుకు పిన్నీ, పారేద్దాం,” అన్నాను మొన్న.

ఒక కాయను ఒళ్లోకి తీసుకుని దుమ్ము తుడుస్తూ, “మళ్లీ నీళ్లొస్తే ఏం కడతామే?” అంది.