పెన్సిలు పెట్టని ఫొటో

నిన్న ఉల్లిపాయ ముక్కల్లో కలుపుదామని వెనిగర్ సీసా మూత తీశాను. ఆ పుల్లటి ఘాటు ముక్కుకు తగలగానే వంటింట్లో ఉన్నదాన్ని కాస్తా అమలాపురంలో, ఎర్రబల్బు వెలిగే ఒక ఇరుకు గదిలో తేలాను. ఫొటోలు కడిగే ఆ గదిలో ఎప్పుడూ ఇదే వాసన. నాలుగేళ్ళు ఆ వాసనలో పనిచేశాను. సాయంత్రం ఇల్లు చేరితే మా అమ్మ, "ఊరగాయ జాడీలోంచి లేచొచ్చినట్టున్నావే" అని ముక్కు మూసుకునేది. ఆ స్టూడియో సత్యానందం గారిది. మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు. కానీ డెబ్భైల చివర్లో, ఎనభైల మొదట్లో మా వైపు పెళ్ళిసంబంధాలకు పంపిన ఫొటోల్లో చాలావాటి వెనక ఆయన స్టూడియో ముద్రే ఉండేది.

సన్నగా, పొడుగ్గా ఉండేవారు. తెల్లచొక్కా చేతుల మీద ఎప్పుడూ మందునీళ్ళ మరకలు. స్టూడియోలో ఒక అద్దం, ఒక దువ్వెన, ఒక పౌడరు డబ్బా, మేకుకు వేలాడే ఒకే ఒక నల్లకోటు ఉండేవి. ఆ కోటు తొడుక్కోని పెళ్ళికొడుకు మా తాలూకాలో లేడని ఆయనే చెప్పి నవ్వేవారు. ఆయనకొక అలవాటుండేది. ఫొటోలను ఊరికే కవర్లో పెట్టి ఇచ్చెయ్యరు. మనిషిని గుమ్మం దగ్గర వెలుతురులో నిలబెట్టి, ఫొటోని ముఖం పక్కన పట్టుకుని, ఒకసారి దాన్నీ ఒకసారి మనిషినీ చూసి, "మీరేనా అండీ?" అని అడిగేవారు. "ఆయ్, నేనేనండి" అన్నాకే ఫొటో చేతికొచ్చేది. పెద్ద పెద్ద ప్లీడర్లు కూడా బుద్ధిగా ఆ మాట చెప్పి తీసుకెళ్ళేవారు. నాకు మాత్రం అదంతా వట్టి చాదస్తంగా కనిపించేది.

నేను చేరేనాటికి నాకు పంతొమ్మిదేళ్ళు. చిన్నప్పుడు అమ్మవారు పోసి ముఖం నిండా స్ఫోటకం మచ్చలు మిగిలాయి. అద్దానికీ నాకూ పడేది కాదు. ఊహ తెలిశాక ఒక్క ఫొటో కూడా దిగలేదు. బొమ్మలు బాగా వేస్తానని, బడిపంతులైన మా నాన్న నన్ను ఆయన దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన నా ముఖం వంక చూడలేదు. చేతులు ముందుకు చాపమన్నారు. "వేళ్ళు వణకట్లేదండి మాస్టారూ. రేపట్నుంచి పంపించెయ్యండి" అన్నారు. అంతే, ఉద్యోగం వచ్చేసింది.

నా పని నెగెటివ్‌ల మీద. వాటి మీద పల్చగా వార్నిష్ రాసి, సూదిమొనలా చెక్కిన పెన్సిలుతో మచ్చ ఉన్నచోట చుక్కలు పెడితే, కాగితం మీదకు వచ్చేసరికి ఆ మచ్చ మాయమవుతుంది. ఆర్నెల్లలో ఆ విద్య పట్టుబడింది. ఎవరి ముఖం మీద ఏ మచ్చ కనబడినా నా చెయ్యి ఊరుకునేది కాదు. నా ముఖానికి చేసుకోలేనిది వాళ్ళ ముఖాలకు చేస్తున్నానని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం గర్వంతో నేల మీద నిలిచేదాన్ని కాదు.

మా వైపు ఆడవాళ్ళు ఇంటిపనికి గల్ఫ్ దేశాలకు బయలుదేరుతున్న రోజులవి. పాస్‌పోర్టు ఫొటోలు ఎక్కువయ్యాయి. "వీటి జోలికి మాత్రం వెళ్ళకమ్మాయ్" అని సత్యానందం గారు ముందే చెప్పారు. "అక్కడ ఫొటో చూసేవోడు పెళ్ళికొడుకు కాదు."

దీవెనమ్మది కాట్రేనికోన. ముప్ఫై ఏళ్ళుంటాయి. పడవ మీంచి పడి భర్త కాలు విరిగింది, ఇక వేటకు వెళ్ళలేడు. ఇద్దరు పిల్లలు బళ్ళో ఉన్నారు. మస్కట్‌లో ఎవరింట్లోనో పని కుదిరి, వీసా కాగితం కూడా వచ్చింది. ముక్కు పక్కన, ఎడమవైపు, మినపగింజంత పుట్టుమచ్చ. సత్యానందం గారు ఆమెకు ఫొటో తీసి, ప్రింట్లు వేసి ఇవ్వమని నాకు చెప్పి, పెళ్ళి ఫొటోలకని కొత్తపేట వెళ్ళిపోయారు. ఆయన అటు వెళ్ళగానే దీవెనమ్మ నా దగ్గరికి వచ్చింది.

"ఓ మాటండీ. దీన్ని చూసి చిన్నప్పట్నుంచీ అందరూ ఎక్కిరించేవోరండి. కొత్త దేశంలోనన్నా కాత్త బాగా కనబడతాను. తీసేత్తారా?"

ఆ మాట నన్ను కాక ఇంకెవరిని అడిగినా కాదనేవారేమో. ఆ మధ్యాహ్నమంతా కూర్చుని, అంతకుముందు ఎవరికీ చేయనంత నేర్పుగా ఆ మచ్చ తీసేశాను. మర్నాడు ఫొటో చూసుకుని ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది. సత్యానందం గారు ఇంకా రాలేదు. "మీరేనా అండీ?" అని అడిగేవాళ్ళు లేరు.

నెలన్నర తర్వాత దీవెనమ్మ పెద్ద కవరొకటి గుండెలకు అదుముకుని వచ్చింది. పాస్‌పోర్టు ఆఫీసు నుంచి దరఖాస్తు తిరిగొచ్చింది. గుర్తుల దగ్గర ముక్కు పక్కన పుట్టుమచ్చ అని రాసి ఉంది, ఫొటోలో మచ్చ లేదు, కాబట్టి ఇది వేరే మనిషి ఫొటో అని వాళ్ళ అనుమానం. వీసా గడువు ఇక నెల రోజులే.

"నా బదులు ఇంకోళ్ళని చూసుకుంటారంటండి" అని ఏడుపు దిగమింగుకుంటూ చెప్పింది.

సత్యానందం గారు భూతద్దం పెట్టి ఫొటో చూశారు. తర్వాత నన్ను చూశారు. ఆయన ఆమె వైపు తిరిగి, "తప్పు మాదేనమ్మా. మీ మచ్చ మా దగ్గరే భద్రంగా ఉంది, ఇచ్చేత్తాం" అన్నారు.

కొత్త ఫొటో తీద్దామండీ అని నేను గొణిగాను. "అప్పుడు ముందు పంపిన ఫొటోలో ఆ మచ్చలేనావిడ ఎవరని అడుగుతారు. పాత నెగెటివ్వే తియ్యి" అన్నారు. టర్పెంటైన్‌లో తడిపిన దూది నా చేతికిచ్చారు. "పెట్టింది నువ్వే. నువ్వే తుడు."

ఆనాడు మధ్యాహ్నమంతా నేను కష్టపడి చేసింది రెండు తుడుపుల్లో పోయింది. తర్వాత దీవెనమ్మను కూడా ఎర్రదీపం గదిలోకి పిలిచారు. తొట్టిలో తెల్లకాగితం మీద ముందు జుట్టు, దాంతోపాటే ముక్కు పక్కన నల్లచుక్క తేలాయి. "ఓలమ్మో, నాకన్నా ముందు ఇదే వచ్చేసిందండీ!" అని ఆమె పకపకా నవ్వింది. అన్నాళ్ళలో ఆ గదిలో అంత నవ్వు నేను వినలేదు.

స్టూడియో పేరున్న కాగితం తీసి నా చేతే రాయించారు. మచ్చ తీసింది మేమేననీ, రెండు ఫొటోలూ ఒకే నెగెటివ్‌వనీ.

"ఇలా రాసిస్తే మనకి మాటొస్తుందేమోనండీ?" అన్నాను.

"వత్తుంది. మాట మనకొచ్చినా పర్లేదు, ఆవిడ వెళ్ళాలి కదా" అంటూ కింద సంతకం పెట్టి ముద్ర వేశారు.

గెజిటెడ్ ఆఫీసరు సంతకం మళ్ళీ కావాలి. మొదటిసారి పెట్టింది పశువుల డాక్టరు గారు. "వెళ్ళి జరిగింది నువ్వే చెప్పు" అని నన్ను దీవెనమ్మతో పంపారు. కొత్తవాళ్ళ ముందు కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని మాట్లాడేదాన్ని. ఆ రోజు గేదెల మధ్య నిలబడి, కొంగు వదిలేసి, ఆయన కళ్ళలోకి చూసి నా తప్పు నేను చెప్పాను. డాక్టరు గారు ఫొటోలు రెండూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. "నుదుటి మీద ఈ వెంట్రుక రెండింట్లోనూ ఒక్కచోటే ఉందండోయ్" అని సంతకం చేశారు.

గడువు ఇంకా నాలుగు రోజులుందనగా పాస్‌పోర్టు వచ్చింది. దీవెనమ్మ దాన్ని తిన్నగా స్టూడియోకే తెచ్చింది. సత్యానందం గారు ఆమెను గుమ్మంలో నిలబెట్టి, పుస్తకం తెరిచి ముఖం పక్కన పట్టుకున్నారు.

"మీరేనా అండీ?"

"ఆయ్, నేనేనండి. అచ్చం నేనే!"

ఆ వేసవిలో నేను డ్రాయింగు టీచరు పరీక్షకు కట్టాను. దరఖాస్తుకు ఫొటో కావాలి. వారం రోజులు తప్పించుకు తిరిగాక, ఆయనే నన్ను కుర్చీలో కూర్చోబెట్టి తీశారు. కడిగిన నెగెటివ్‌ను నా బల్ల మీద పెట్టి, పక్కన చెక్కిన పెన్సిలు పెట్టారు. "నీ ముఖం, నీ ఇష్టం" అని టీకి వెళ్ళిపోయారు. పెన్సిలు చాలాసార్లు చేతిలోకి తీసుకున్నాను. మచ్చలన్నీ లెక్కపెట్టాను కూడా. చివరికి పెన్సిలు పక్కన పెట్టేసి, ఉన్నదున్నట్టు ప్రింటు వేశాను. ఆయన తిరిగొచ్చి, తడి ఆరని ఆ ఫొటోని నా ముఖం పక్కన పట్టుకున్నారు.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. బడిలో పాతికేళ్ళు బొమ్మలు నేర్పాను. పక్కవాళ్ళ ముఖం గీసిన ప్రతి పిల్లా ఆ బొమ్మను వాళ్ళ ముఖం పక్కన పట్టుకుని "నువ్వేనా?" అని అడగాలన్నది నా తరగతిలో నియమం. ఇప్పుడు ఫొటో ఎక్కడ తీయించుకున్నా, కంప్యూటరు ముందున్న కుర్రాళ్ళు అడక్కుండానే నా మచ్చలు చెరిపేస్తారు. వాటిని తిరిగి పెట్టించి గానీ అక్కడినుంచి కదలను. వాళ్ళు విసుక్కుంటారు. విసుక్కోనీ. గుమ్మం దగ్గరికొచ్చి, వెలుతురులో ఫొటోని ముఖం పక్కన పట్టుకుంటాను. అడిగేవారు లేకపోయినా జవాబు మాత్రం పైకే చెబుతాను.

"ఆయ్, నేనేనండి."