మేరీ కోడి పెట్టిన ఎర్రగుడ్డు

2022 నాటికి బంగారపేట రైల్వే గేటు దగ్గర నా కోడిపిల్లల అంగడి మొదలై పదేళ్లు దాటింది. వెనక గదిలో ఇంక్యుబేటర్, అంటే గుడ్లను పొదిగే పెట్టె. ముందు గదిలో పిల్లల కిచకిచలు, నా గొప్పలు. ఏ జాతి ఏ రంగు గుడ్డు పెడుతుందో నాకంటే బాగా తెలిసినవాడు జిల్లాలోనే లేడని నా నమ్మకం.

ఆ ఏడు కేజీఎఫ్ నుంచి రూతమ్మ వచ్చింది. బంగారు గని మూతపడినా, గనిలో పనిచేసిన భర్త పోయినా, ఆమె గని కూలీలకు వరసగా కట్టిన ఆ లైన్ ఇళ్లలోనే ఉంటోంది. ఇద్దరు కోడళ్లవి పక్కపక్క ఇళ్లు. వెనక దొడ్డి ఒకటే, కోళ్లగూడూ ఒకటే. పొద్దున ఎవరు ముందు లేస్తే గుడ్లు వాళ్లవి. దాంతో తోటికోడళ్ల మధ్య మాటా మాటా పెరిగి, చివరికి మాటలే లేకుండా పోయాయట.

“గుడ్డు చూస్తానే ఎవురిదో తెలియాలప్పా. అట్లాంటి జాతులు యాడన్నా ఉండాయా?” అంది.

రంగుగుడ్లు అడిగేవాళ్లంతా ముచ్చటపడి అడుగుతారు. ఇంట్లో శాంతి కోసం అడిగింది ఆమె ఒక్కతే. నాకు ఎక్కడలేని హుషారు వచ్చింది. పెద్దకోడలు ఎస్తేరు కోసం రోడ్ ఐలాండ్ రెడ్ పెట్టలు రెండు ఇచ్చాను. వాటి గుడ్లు గోధుమరంగు; మేం ఎర్రగుడ్లంటాం. చిన్నకోడలు మేరీ కోసం నీలిగుడ్లు పెట్టే అమెరౌకానా పెట్టపిల్లలు రెండు ఇచ్చాను. నీలం తప్ప ఇంకో రంగు పెట్టవని, దానికి నాదీ పూచీ అని కూడా చెప్పాను.

ఐదారు నెలలకు రూతమ్మ మళ్లీ వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. మేరీ పెట్టల్లో ఒకటి నీలిగుడ్లే పెడుతోందట. కానీ మేరీ గిన్నెలో ఎర్రగుడ్లు కూడా కనిపిస్తున్నాయి. అవి తన రెండో పెట్టవేనని మేరీ అంటోంది. అంగడాయన పూచీ ఇచ్చాక అదెలా కుదురుతుందని ఎస్తేరు నిలదీసింది. లైన్ మొత్తం మేరీని దొంగను చేసింది.

“బైబిల్ మీద చెయ్యి పెట్టించినారప్పా. బుక్కు తెచ్చిచ్చింది నేనే. అయినా ఎవురూ నమ్మలేదు. మొగుడు కూడా నిజం చెప్పమన్నాడు. రెండు దినాలుగా ఆ బిడ్డ అన్నం ముట్టలేదు,” అంది రూతమ్మ.

నీలిగుడ్డులోంచి వచ్చిన పెట్ట నీలిగుడ్డే పెట్టాలని లేదు. రంగులో పుంజు వంతు కూడా ఉంటుంది. నా నీలిగుడ్ల పెట్టలు అచ్చమైన జాతివి కావు. పైగా వాటి పుంజు చచ్చిపోతే ఆ గుంపులోకి ఎర్రగుడ్ల జాతి ఎర్ర పుంజును వదిలాను. మా పనిలో ఇవి ఓనమాలు. తెలిసి కూడా, తెలియదని చెప్పడం నామోషీ అనిపించి పూచీ ఇచ్చాను. తగువు తీర్చబోయి తగువు పెట్టాను.

మర్నాడు ఆదివారం. వాళ్లు చర్చికి బయలుదేరకముందే దొడ్డికి వెళ్లాను. మేరీ రెండో పెట్టను పట్టుకుని వేలితో తడిమి చూస్తే గుడ్డు దిగడానికి సిద్ధంగా ఉంది. అందరి ముందూ దాన్ని గంప కింద మూసి, పైన రాయి పెట్టాను. తప్పు నాదేనని ఎర్ర పుంజు సంగతంతా చెప్పాను. ఎస్తేరు గుమ్మంలో చేతులు కట్టుకుని వింది. మేరీ గూడు పక్కన తలవంచుకుని నిలబడింది. గంటన్నరకు పెట్ట అరిచింది. గంప ఎత్తాను. ఎర్రగుడ్డు.

ఎస్తేరు ఆ గుడ్డు తీసుకుని మేరీ చేతిలో పెట్టబోయింది. మేరీ చెయ్యి చాపలేదు.

“నేను బుక్కు మీద చెయ్యి పెట్టి చెప్తే నమ్మలేదు. కోడి చెప్తే నమ్మినారు,” అంది. మొగుడి వైపు ఒకసారి చూసి లోపలికి వెళ్లిపోయింది.

తోటికోడళ్లు ఇప్పుడు మాట్లాడుకుంటున్నారని రూతమ్మ చెప్పింది. మేరీ మాత్రం మళ్లీ కోళ్లు పెంచలేదు. మొదటి గుడ్డు పెట్టేదాకా రంగు చెప్పలేనని నేనిప్పుడు అందరికీ ముందే చెబుతాను. కొందరు పెదవి విరిచి వెళ్లిపోతారు. వెళ్లనీ. “ఖాయంగా చెప్పలేనమ్మా” అన్న ఒక్క మాట ఆ రోజు నా నోట రాలేదు. అందుకు మేరీ బైబిల్ మీద చెయ్యి పెట్టాల్సి వచ్చింది.