బెండిగోలో వెనక్కి నడిచిన నెమలి

ఆస్ట్రేలియాలో, ట్రుగనీనాలో నేను పనిచేసే గిడ్డంగిలో కోలిన్ అనే ఇంగ్లాండు పెద్దాయన తొమ్మిదేళ్లు నా పక్క కుర్చీలో సరుకు లెక్కలు చూశాడు. మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర ఆయనకు ఒకటే కథ. పద్దెనిమిదేళ్ల వయసులో, ఇంగ్లాండు ఉత్తరాన ఒక ఊళ్లో, చేపల వేపుడు దుకాణం మీది గదిలో ఐదుగురు కలిసి కంప్యూటర్ ఆటలు తయారుచేసేవారట. ఆటను కేసెట్టులోకి ఎక్కించి అమ్మేవారట. కేసెట్టు తిరుగుతుంటే కీచుమని శబ్దం వచ్చేదట. ఆ శబ్దాన్ని నోటితో చేసి చూపించేవాడు. ఎన్నిసార్లు చెప్పినా అక్కడికి రాగానే ఆయన ముఖం వెలిగేది. నాకు మాత్రం ముద్ద దిగేది కాదు.

ఎందుకంటే సరిగ్గా ఆ ఏళ్లలోనే నేను ధర్మవరంలో గళ్ల కాగితం మీద నెమళ్లు గీసేవాణ్ణి. పట్టుచీర అంచులో నెమలి రావాలంటే ముందు దాన్ని కాగితం మీద గడి గడిగా నింపాలి. నింపిన గడికి ఒక చిల్లు చొప్పున అట్టలకు చిల్లులు కొట్టాలి. అట్టలన్నీ దండగా కుట్టి మగ్గం మీది జకార్డు పెట్టెకు ఎక్కిస్తే, చిల్లు ఉన్నచోట దారం లేస్తుంది, లేనిచోట లేవదు. కోలిన్ గదిలో మౌరీన్ అనే అమ్మాయి కూడా ఆటల్లో కనిపించే బొమ్మలను గళ్ల కాగితం మీదే నింపేదట. వాళ్ల పనిని ఇప్పుడు చరిత్ర అంటున్నారు. నా పనిని ఆ రోజుల్లో కూలి అన్నారు, తర్వాత ఎవరూ ఏమీ అనలేదు.

రిటైరై బెండిగోలో స్థిరపడ్డ కోలిన్ ఈ మార్చిలో కబురు పెట్టాడు. బ్రిటన్‌లో తొలినాళ్ల ఆటలు చేసి, తర్వాత ఆస్ట్రేలియా చేరినవాళ్లంతా ఒక శనివారం కలుస్తున్నారట. నన్నూ రమ్మన్నాడు. నా భార్య సుజాత నర్సు. ఆ శనివారం ఆమెకు డ్యూటీ లేదు. పైగా మా మేనమామ కూతురు కాబట్టి నన్ను మాటలనడానికి చిన్నప్పటి నుంచీ హక్కు ఉంది.

"పోయి ఏం చేస్తావు బావా? వాళ్లు నవ్వుకుంటాంటే పక్కన నిలబడి కుళ్లుకుంటావా?"

"కుళ్లు కాదు. ఊరికే చూసొద్దామని."

"నాకు తెలీదా ఏంది! కోలిన్ పేరెత్తితే చాలు, ఆముదం తాగినట్ల పెడతావు ముఖం. పద, నేనూ వస్తా. నువ్వు ఏడిస్తే తుడిచేదానికి ఎవురన్నా ఉండాల కదా."

ఉదయం ఏడున్నరకు టార్నీట్ స్టేషన్లో ఎక్కి, నగరం నడిబొడ్డునున్న సదరన్ క్రాస్‌ స్టేషన్లో దిగి, బెండిగో రైలు పట్టుకున్నాం. వెళ్లాలనుకునేవారికి ఒక మాట: వారాంతంలో వెళ్లండి. రోజంతా తిరిగినా మనిషికి ఎనిమిది డాలర్ల లోపే అయింది. స్టేషన్లో కాఫీకి ఐదున్నర పెట్టడం కంటే ఇంటినుంచి ఫ్లాస్కు తెచ్చుకోవడం మేలు. ప్రయాణం రెండు గంటలు. ఊరు దాటాక ఎండిన పసుపు గడ్డి, దూరదూరంగా యూకలిప్టస్ చెట్లు, మధ్యలో గొర్రెలు. అనంతపురం జిల్లాలో ఇంత ఖాళీ ఉంటే కరువంటాం. ఇక్కడ దాన్నే పచ్చికబయలంటారు.

కైన్టన్ దాటాక సుజాత చిత్రాన్నం డబ్బా తెరిచింది. ఎదురు సీటులోని ముసలావిడ ఊలు అల్లడం ఆపి, "ఆ వాసన నన్ను అల్లుకోనివ్వడం లేదమ్మా," అంది. సుజాత మూతలో కొంచెం పెట్టి ఇచ్చింది. ఆవిడ వేరుశనగ పలుకులు ఏరుకుని ముందు తిని, తర్వాత అన్నం తింది.

"బెండిగోలో బంగారు గని చూడటానికా?"

"కాదండీ," అంది సుజాత ఇంగ్లీషులో. "మా ఆయనకు అక్కడ ఒక పాత అసూయ ఉంది. దాన్ని చూసి రావడానికి."

ముసలావిడ నన్ను ఎగాదిగా చూసి, "దాని కోసమైతే నేను ఇంకా దూరం వెళ్లేదాన్ని," అని మళ్లీ ఊలు అందుకుంది.

పదిన్నరకల్లా హాలు చేరాం. స్టేషన్ నుంచి పది నిమిషాల నడక, ట్రాము అక్కర్లేదు. గుమ్మంలో ఒక బల్ల. ఆ రంగంలో పనిచేసినవాళ్లకు మెడలో వేసుకునే పసుపు కార్డు, మిగతావాళ్లకు చొక్కాకు అంటించే తెల్ల స్టిక్కరు. పసుపు కార్డు మీద మూడు వరుసలు: పేరు, పనిచేసిన చోటు, ఎవరితో పనిచేశారు. పాత మిత్రులు ఒకరినొకరు వెతుక్కోవడానికి ఆ మూడోది.

"మీరు ఈ రంగంలో ఉండేవారా?" అని బల్ల దగ్గరి మనిషి అడిగాడు.

"లేదు," అన్నాను. తెల్ల స్టిక్కరు వచ్చింది.

లోపల పాత టీవీలు, రబ్బరు మీటల కంప్యూటర్లు, కేసెట్టు ప్లేయర్లు. కోలిన్ చేసి చూపించే కీచు శబ్దం నలువైపులా నిజంగానే వినిపిస్తోంది. ఆయన నన్ను కావలించుకుని తన వాళ్ల దగ్గరికి లాక్కెళ్లాడు. ఐదుగురిలో ముగ్గురు వచ్చారు: కోలిన్, ఒక బట్టతలాయన, మౌరీన్. వాళ్ల ముందు బల్ల మీద ఆ గది ఫొటో ఉంది. కిటికీలో టీ కప్పులు, గోడకు గళ్ల కాగితాలు, కింద పరుపు మీద నిద్రపోతున్న కోలిన్.

"ఒక ఆటలో మా దొంగ గోడలోంచి నడిచిపోయేవాడు," అని కోలిన్ మొదలుపెట్టాడు. "అది మా పొరపాటు. కానీ కొన్నవాళ్లు..."

"రహస్య ద్వారం కనిపెట్టామని ఉత్తరాలు రాశారు!" అని మిగతా ఇద్దరూ ఒక్క గొంతుతో అరిచారు. ముగ్గురూ కళ్లు తుడుచుకుంటూ నవ్వారు.

ఆ కథ నాకూ కంఠతా వచ్చు. తొమ్మిదేళ్లుగా విన్నాను. అయినా ఆ సగాన్ని పూర్తిచేసే హక్కు నాకు లేదు. ఇన్నాళ్లూ నేను దేనికి ఏడుస్తున్నానో అప్పుడు తెలిసింది. ఒకరు మొదలుపెట్టిన మాటను ఇంకొకరు అందుకునే ఆ భాగ్యానికి.

మధ్యాహ్నం మౌరీన్ అందరికీ గళ్ల కాగితాలు పంచింది. పదహారు గళ్ల వెడల్పు, పదహారు గళ్ల ఎత్తు. బొమ్మ నింపి ఇస్తే దాన్ని అంకెల్లోకి మార్చి పాత కంప్యూటర్లో పెట్టి తెరమీద నడిపిస్తారట. మార్చే పద్ధతి ఇది: ఎనిమిదేసి గళ్లకు ఒక సంఖ్య. కుడి చివరి గడి విలువ ఒకటి, దాని పక్కది రెండు, తర్వాత నాలుగు, ఎనిమిది, అలా రెట్టింపు. నింపిన గళ్ల విలువలు కూడితే సంఖ్య వస్తుంది. అందరూ కాలిక్యులేటర్లు తీశారు. నేను నెమలిని గీసి, అంకెలన్నీ మనసులోనే కూడి పక్కన రాసి ఇచ్చాను. మౌరీన్ రెండు మూడు చోట్ల సరిచూసి కనుబొమలు ఎగరేసింది. ఆ క్షణం నా ఛాతీ ఎంత పొంగిందో దాచను. కోలిన్ వైపు కూడా ఒకసారి చూశాను.

మీట నొక్కారు. తెరమీద ఎడమ నుంచి కుడికి నా నెమలి బయలుదేరింది, తోక ముందు, తల వెనక.

హాలంతా గొల్లుమంది. "రివర్స్ గేరులో పడింది!" అని కోలిన్ అరిచాడు. అందరికంటే పెద్ద నవ్వు మాత్రం నా పక్కనుంచి వచ్చింది.

"అయ్యో బావా! బోర్లా ఏసినావు కదప్పా!"

మా మగ్గాల షెడ్డులో చీర అసలు ముఖం కిందికి ఉండేలా నేసేవాళ్లం. అందుకని కాగితం మీద ప్రతిదాన్నీ అద్దంలో చూసినట్టు తిప్పి గీయాలి. ముప్పై ఏళ్లు దాటినా నా చెయ్యి ఆ తిప్పుడు మరిచిపోలేదు. సుజాత తన చున్నీ అంచు పట్టుకుని తిరగేసి చూపిస్తూ మౌరీన్‌కు అదంతా వివరించింది. ఆ షెడ్డు ఆమె నాన్నది. అట్టల మధ్యే పెరిగింది.

మౌరీన్ చున్నీని తనూ రెండుసార్లు తిరగేసి చూసింది. "అయితే మీరూ యంత్రం కోసం బొమ్మలు గీసినవారే," అంది. గుమ్మం దగ్గరికి వెళ్లి ఒక పసుపు కార్డు తెచ్చి నా చేతిలో పెట్టింది.

పేరు రాశాను: నాగరాజు. చోటు రాశాను: ధర్మవరం. మూడో వరుస దగ్గర పెన్ను ఆగిపోయింది.

"ఓబులేసు పేరు రాయి," అంది సుజాత.

"ఇక్కడ నన్ను వెతుక్కుంటూ ఓబులేసు వస్తాడా?"

ఖాళీగానే మెడలో వేసుకున్నాను. కోలిన్ ఆ ఖాళీ చూసి ఎవరితో పనిచేశావని అడిగాడు. చెప్పాను. నేను గీస్తే చిల్లులు కొట్టింది ఓబులేసే.

"ఎలా ఉన్నాడు? చివరిసారి ఎప్పుడు మాట్లాడావు?"

టీ తెచ్చుకుంటానని అక్కణ్ణించి జారుకున్నాను.

నాలుగు గంటల రైలుకు తిరుగు ప్రయాణం. సదరన్ క్రాస్‌లో బండి మారేలోపు సుజాత వాళ్ల అన్నకు ఫోన్ చేసి ఓబులేసు నంబరు తెప్పించింది. టార్నీట్ రైలు కదిలాక నా చేతిలో ఫోన్ పెట్టి, తనే మీట నొక్కింది. అప్పటికి ధర్మవరంలో మధ్యాహ్నం.

"ఎవురు?"

"నేనప్పా, నాగరాజును."

"యా నాగరాజు? కరెంటు ఆఫీసా?"

"నెమళ్ల నాగరాజు."

ఫోన్ పగిలేలా కేక వినబడింది. "ఓరి నీ! గుడ్డి నెమలి నాగరాజువా! బతికే ఉండావా?"

"గుడ్డిది చేసింది నువ్వు కదరా! శనక్కాయలు తింటా అట్టలు ఎక్కిస్తే, పొట్టు పోయి నెమలి కంటి చిల్లులో ఇరుక్కున్యా."

"శనక్కాయలు తెచ్చింది ఎవురంట? అన్ని చీరలు నేసినాంక గదా చూసుకునింది! ఆ పొద్దు మీ మామ వచ్చి ఏమన్న్యాడు, గుర్తుండాదా? 'ఒరే, ఇది తప్పు కాదు...'"

"'...కళ్లు మూసుకున్న నెమలి! కొత్త డిజైను! ఇంగా పది నెయ్యండి!'" అన్నాం ఇద్దరం. పక్కనుంచి సుజాత కూడా, వాళ్ల నాన్న గొంతులో.

స్టేషన్లు ఏవి వచ్చాయో, ఏవి పోయాయో తెలియలేదు. ఫోన్ పెట్టేశాక ఎదురు సీటులోని అమ్మాయి మమ్మల్నే చూస్తోందని గమనించాను. ముప్పై ఏళ్లుంటాయి, ఒళ్లో ల్యాప్‌టాప్ సంచి.

"సారీ అంకుల్, మొత్తం వినేశాను. ఎవరండీ ఆయన?"

"ఒకప్పుడు కలిసి పనిచేశాం."

"భలే లక్కీ అండి మీరు. మా టీమంతా వర్క్ ఫ్రం హోమే. త్రీ ఇయర్స్ నుంచీ అందర్నీ స్క్రీన్ మీద గళ్లలోనే చూస్తన్నా. ఒక్కళ్లని కూడా ఎదురుగా చూడలేదండి. రేపు ఎవరన్నా ఫోన్ చేసినా ఏం గుర్తుచేసుకుంటాం? నువ్వు మ్యూట్‌లో ఉన్నావనా?"

నవ్వుతూనే అంది. కానీ ఆమె చూపు నా మెడలోని పసుపు కార్డు మీద ఆగిపోయింది. ఆ చూపు నాకు కొత్తది కాదు. పొద్దున ఆ ఫొటో ముందు నేను నిలబడ్డదీ అలాగే. ఆమె దగ్గరే పెన్ను అడిగి తీసుకుని, మూడో వరుసలో ఓబులేసు పేరు రాసి దిగాను.

ప్లాట్‌ఫారం మీద సుజాత నా మోచేతిని పొడిచింది. "చూస్తివా బావా! నీ కుళ్లు ఆ పిల్లకు అంటుకునింది."

"నాది పూర్తిగా పోలేదులే. వాళ్లకు ఆ గది ఫొటో ఉంది. మనకేముంది?"

సుజాత కారు తలుపు తీస్తూ ఆగింది.

"ఇన్నేండ్లలో నా పెండ్లి చీర ఎప్పుడన్నా సరింగ చూసినావా? ఇంటికి పోయి పెట్టెలోంచి తీస్తా. నెమలికి కన్ను ఉందేమో వెతుక్కో."