చాచా టుకడి

నా చిన్నప్పుడు మా శాలిబండ గల్లీ అంతా పక్కింటి చాచాను పావురాల దొంగ అన్నది. దొంగను నేను. ఆ మాట చెప్పాల్సిన రోజు చెప్పలేదు.

చాచా మిద్దె మీద పావురాలు పెంచేవాడు. సాయంత్రం ఈల వేసి వాటిని ఎగరేసి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆకాశం చూపించేవాడు.

"కొంగలు పోతే బారు అంటరు. కాకులైతే మూక. గివి టుకడి, బేటా. యాడ తిరిగినా ఒక్క ఇంటికే వచ్చేటివి."

వెనక గల్లీలో మాంసం కొట్టాయన మిద్దె మీద ఇంకో టుకడి ఉండేది. రెండూ పైన కలిసినప్పుడు దారి తప్పిన పిట్ట ఎవరి మిద్దె మీద దిగితే వాళ్లదే. ఆట అంతే. కానీ వీళ్లిద్దరూ మాత్రం దిగిన పిట్టను తిరిగి ఇచ్చేయాలని మాట ఇచ్చుకున్నారు.

ఒకనాడు కొట్టాయన తెల్ల పావురం మా వాటితో దిగింది. చాచా నమాజుకు పోయి ఉన్నాడు. మన టుకడి పెద్దదవుతుందని మురిసిపోయి, నా పతంగి గులాబీ మాంజా దారంతో దాని రెక్కలు కట్టి గంప కింద దాచాను.

చాచా తిరిగొచ్చిన కాసేపటికే కొట్టాయన తమ్ముళ్లను వెంటేసుకుని మిద్దె మీదికి వచ్చాడు.

"నా దగ్గర లేదు భాయ్. బిడ్డల మీద ఒట్టు" అన్నాడు చాచా.

ఎవడో గంపను తన్నాడు. రెక్కలు కట్టిన తెల్ల పావురం బయటపడింది.

ముందు చాచా పళ్లు రాలగొట్టారు. తర్వాత ఒకడు చాచా చేతిని పిట్టగోడ మీద పెట్టి పట్టుకుంటే ఇంకొకడు కర్రతో కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. గూళ్లు పగలగొట్టి పావురాల మెడలు తిప్పి నేలకు విసిరారు. కొన్ని మెడ వాలిపోయినా రెక్కలు కొట్టుకుంటూనే ఉన్నాయి.

చాచా ఆ గులాబీ దారాన్ని చూశాడు. నన్ను చూశాడు.

"నేనే దాచిన. పోరన్ని కిందికి పోనియ్యిండ్రి" అన్నాడు, నోట్లో రక్తంతో.

వాళ్లు పోయాక మంచి చేత్తో నా జుట్టులోని ఈకలు ఏరుతూ మెల్లగా అన్నాడు: "ఏడ్వకు. నువ్వు గూడ మా టుకడే గదా."

అయినా నేను నోరు విప్పలేదు. బిడ్డల మీద అబద్ధపు ఒట్టు పెట్టినవాడని గల్లీ ఛీ కొడితే చాచా ఇల్లు ఖాళీ చేసి యాకుత్‌పురా పోయాడు. మళ్లీ పావురం పట్టలేదు. ఇప్పటికీ ఏ మిద్దె మీద ఈల వినపడినా నేను తలెత్తి చూడలేను.

పోయిన నెల, ముసలివాడైపోయిన ఆ కొట్టాయనను ఆటోలో ఎక్కించుకుని యాకుత్‌పురా పోయాను. చాచా కొడుకులూ మనవలూ చుట్టూ నిలబడి ఉండగా, వంకరగా అతుక్కున్న ఆ చేతిని పట్టుకున్నాను.

"చాచా ఒట్టు నిజం. పిట్టను దాచింది నేను. మాఫ్ చెయ్యి చాచా, నీ టుకడిని చంపించింది నేనే."