ఒమన్ వాళ్ళ కుర్చీ

రాజోలులో బట్టలు కుట్టే సుగుణది గట్టి నోరు. జాకెట్టు ఆలస్యమైందని ఎవరైనా గొడవకొస్తే, "అంత తొందరైతే రెడీమేడు కొనుక్కోవలసిందండీ" అని మొహం మీదే అనేస్తుంది. అటువంటి మనిషికి ఒక్కరి ముందు మాత్రం నోరు పెగలదు. ఆయన సాలమోను, కువైట్‌లో డ్రైవరు. ఆమె అక్కడ ఇంటిపని చేసే రోజుల్లో యజమాని పాస్‌పోర్టు లాక్కుని గదిలో పెట్టి తాళం వేస్తే, ఎంబసీ చుట్టూ తిరిగి విమానం ఎక్కించింది ఆయనే. అన్నయ్య గారూ అని తప్ప పేరు పెట్టి పిలవదు. అంత మేలు చేసినవాడి మాటకు ఎదురు చెప్పడమా? మన కోనసీమలో అంతకన్నా మర్యాద తప్పడం ఇంకోటుందా!

గల్ఫ్ దేశాల్లో పనిచేసే మనవాళ్ళందరికీ ఒక సంఘం పెట్టాలన్నది వీళ్ళిద్దరి ఆలోచనే. జీతాలు లేవు, ఆఫీసు లేదు. ఎవరికి ఆపదొచ్చినా ఆ దేశంలో ఉన్న మనవాడు పరుగెత్తాలి, అంతే. అందుకే కార్యవర్గంలో దేశానికొకరు ఉండి తీరాలని సుగుణ పట్టు. ఆ పట్టంతా సత్యవేణి కోసం. సుగుణ అన్న కూతురు సత్యవేణి ఒమన్‌లో ఎక్కడో లోపలి ఊళ్ళో పనిమనిషి. ఆ చుట్టుపక్కల ఇళ్ళలో పనిచేసే మన అమ్మాయిలందరూ తమ తరఫున సత్యవేణే ఉండాలన్నారు. కార్యవర్గంలో ఆ కుర్చీ దక్కితే ఒమన్‌లో మనవాళ్ళందరి నంబర్లూ ఒకచోట చేరతాయి, సత్యవేణికే ఆపదొచ్చినా ఇంకొకరు పరుగెత్తుతారు. ఫోను మాత్రం శుక్రవారం ఒక్కపూటే చేతికిస్తారట. ఈమధ్య ఆ ఒక్కపూటా పిల్ల గొంతు సన్నగిల్లిపోతోంది. "బాగానే ఉన్నానత్తా" అంటుంది, వెనక ఎవరో నిలబడి వింటున్నట్టు. ఆ గొంతు ఎలాంటిదో సుగుణకు బాగా తెలుసు. ఒకప్పుడు తనూ ఇంటికి ఫోను చేసి అలాగే మాట్లాడేది.

తొలి మీటింగు తాటిపాక దగ్గర చర్చి హాల్లో, ఆదివారం ఆరాధన అయ్యాక పెట్టారు. బయట గాలి లేదు. సముద్రం వైపు నల్లమబ్బు కమ్మి కదలకుండా ఉంది. రిటైరైన హెడ్మాస్టరు జయప్రకాష్ గారు అధ్యక్షులు. గోడ మీది తెరలో, వీడియో కాల్లో, కువైట్, దుబాయ్, ఖతార్ మొహాలు కిక్కిరిసి ఉన్నాయి. ఒమన్ నుంచి ఒక్కరూ లేరు. ఎలా ఉంటారు, పాపం! ఆదివారం అక్కడ పనిరోజు. మనవాళ్ళు అక్కడ ఆరాధన కూడా శుక్రవారమే చేసుకుంటారు. ఇక్కడి పెద్దలు మాత్రం ఇక్కడి చర్చి వేళ చూసి మీటింగు పెట్టేశారు. డ్రైవర్లయితే బండి పక్కకి ఆపి ఫోను చూస్తారు. ఊరు కాని ఊళ్ళో వంటింట్లో అంట్లు తోమే పిల్ల ఏం చూస్తుంది?

"వచ్చిన సభ్యుల్ని బట్టి కార్యవర్గంలో కుర్చీలు వేద్దామండి" అన్నాడు తెర మీంచి సాలమోను. "ఒమన్ నుంచి ఎవరూ రాలేదు కాబట్టి, ప్రస్తుతానికి వాళ్ళని మా కువైట్ కిందే ఉంచుదాం."

"రాలేకపోయేరండి అన్నయ్య గారూ. రాలేనోళ్ళకే కదండీ ముందు కుర్చీ వెయ్యాలి" అంది సుగుణ.

"నేను చూసుకోనా చెల్లెమ్మా? నీక్కూడా నా మీద నమ్మకం లేదా?"

దురుద్దేశంతో అన్న మాట కాదది. అదే సుగుణను కట్టిపడేసింది. హాలంతా ఆమె వైపు తిరిగింది.

"ఏమ్మా, సమ్మతమేనా?" అన్నారు మాస్టారు మెత్తగా.

వద్దు, వద్దు అని లోపల మనసు అంటూనే ఉంది. పైకి మాత్రం, "ఆయ్, మీ ఇష్టమండి" అంది. అందరూ చప్పట్లు కొట్టారు.

శుక్రవారం సత్యవేణి ఫోను చేసింది. గుసగుసగా మాట్లాడింది.

"అత్తా, ఇక్కడ నాకు సాయమొచ్చే సంఘం మనిషెవరు? తొందరగా చెప్పు. నన్ను ఇంకో ఇంటికి పంపేస్తారంట. ఏ ఊరో చెప్పట్లేదు. ఫోను ఇక్కడే వదిలెయ్యమన్నారు."

"ఉండమ్మా, ఇప్పుడే కనుక్కుంటాను" అని పెట్టేసి సుగుణ సాలమోనుకు చేసింది.

"ఒమన్‌లో నాకెవరూ తెలీదు చెల్లెమ్మా" అన్నాడాయన. "వీసా లేకుండా నేను ఆ దేశం ఎలా వెళ్ళేది? ఆదివారం మీటింగులో పెడతాను."

ఆదివారమా! సుగుణ మళ్ళీ సత్యవేణికి చేసింది. మోగింది, ఎవరూ ఎత్తలేదు. ఇంకోసారి చేసేసరికి స్విచ్చాఫ్ వచ్చింది. పొద్దుపోయేదాకా కూర్చున్నచోటు నుంచి లేవకుండా చేస్తూనే ఉంది.

ఆదివారం మీటింగులో సాలమోనే ముందుగా నోరు విప్పాడు. రాత్రంతా నిద్రలేని మొహం. "తప్పు నాదేనండి. ఒమన్ వాళ్ళకి వాళ్ళ కుర్చీ ఇచ్చేద్దాం."

ఒక్కరు కూడా కాదనలేదు. హాలంతా ఆయ్, ఆయ్ అంది. మాస్టారు కలం తీశారు.

"వాళ్ళ తరఫున ఎవరి పేరు రాయమంటావమ్మా?"

"సత్యవేణి అండి."

మాస్టారు రాశారు. రాసి, తలెత్తి అడిగారు. "అమ్మాయి ఇప్పుడు ఎక్కడుంది?"

సుగుణ మాస్టారి వైపు చూడలేదు. తెరలో సాలమోను మొహంలోకి సూటిగా చూసింది.

"అది కనుక్కోడానికే కదండీ అన్నయ్య గారూ, అక్కడ మన మనిషి ఒకరుండాలని నేనన్నది."