బొటనవేలితో నడిపిన క్రేను

కిందటి కార్తీకంలో రెండో ఆదివారం, పొద్దున్న పది గంటల ఇరవై నిమిషాలకు నేను క్రేను నడిపాను. గోడ గడియారం చూసే చెబుతున్నాను. ముప్పై నాలుగేళ్లు పోర్టులో చేసిన మనిషి క్రేను నడిపితే వింతేముంది అంటారేమో. ఉంది. ఆ ముప్పై నాలుగేళ్లలో ఒక్కసారి కూడా నేను క్రేను కేబిన్‌లో కూర్చోలేదు.

నాది కళాసీ పని. ఓడ మీద నిలబడి, పైన కేబిన్‌లో ఉన్న ఆపరేటరుకు సైగలు చేయాలి. మాకు రెండు మాటలుంటే చాలు. హబీస్ అంటే ఎత్తు, అరియా అంటే దించు. ఇవి ఏ భాషవో మాలో ఎవరికీ తెలియదు. ఓడలతో వచ్చి రేవులో ఉండిపోయాయి. ఆ హోరులో మాట పైకి వినబడదు కనుక చెయ్యి కూడా ఆడాలి. వేలు పైకి పెట్టి తిప్పితే ఎత్తమని, కిందికి పెట్టి తిప్పితే దించమని, పిడికిలి బిగిస్తే ఆపమని.

ఆ కేబిన్‌లో కూర్చునేది మా బావ. మా ఆవిడకు సొంత అన్న. పదో తరగతి పాసైనవాడు.

ఒకసారి కళాసీల్లోంచి ఇద్దరిని ఆపరేటర్లుగా తీసుకుంటామన్నారు. వెళ్లాను. కాగితం నింపమన్నారు. వేలిముద్ర వేశాను. గుమస్తా ఆ కాగితం మళ్లీ నా చేతిలోనే పెట్టాడు. సాయంత్రం గేటు దగ్గర టీ తాగుతూ బావ నలుగురి ముందూ అన్నాడు.

"కేబిన్‌లో కూకోడానికి సెయ్యొక్కటే సాలదు బావ. తలకాయ కూడా ఉండాల."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అలా నవ్వినందుకు నా మీద నాకు ఇప్పటికీ కోపమే. ఆ మాట మాత్రం ఎప్పటికైనా వాడి నోటితోనే వెనక్కి తీయించాలనుకున్నాను.

చదువు నాకు యాభై ఏడో ఏట వచ్చింది. మా ఆవిడ ఐదో తరగతి దాకా చదివింది, ఆమే నేర్పింది. పాత క్యాలెండరు కాగితాల వెనక పెన్సిలుతో దిద్దించేది. తప్పు రాస్తే తిట్టేది. ఒత్తుల దగ్గర రెండేళ్లు ఆగిపోయాను. ఇప్పుడు పేపరు చదువుతాను, నెమ్మదిగా, పైకి. మనసులో చదువుకోవడం నాకు ఈనాటికీ రాదు.

మా అమ్మాయి సీతమ్మధారలో ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. దానికి ఆటల పిచ్చి. రెండు చేతుల్లో పట్టుకునే ఆటల యంత్రం ఒకటి కొనుక్కుంది. మధ్యలో తెర, అటూ ఇటూ బొటనవేళ్ల కింద చెరొక చిన్న పుల్ల. దాని లోపల లినక్సు అనే సాఫ్ట్‌వేరు ఉందట. మనకు నచ్చినట్టు మార్చుకోవచ్చట. నాకోసం అందులో అక్షరాలన్నీ తెలుగులోకి మార్చింది. ఆ ఒక్క పనికే పిల్ల మీద ముద్దొచ్చింది నాకు.

రేవులో క్రేనుతో పెట్టెలు దించే ఆట ఒకటుందని అదే చూపించింది. ఓడ, కంటెయినర్లు, కింద లారీ, అచ్చం మా ఓడలు ఆగే బెర్తులాగే ఉంది.

"ఇంత ఆట ఈ డబ్బాలో ఎలా పట్టిందే?"

"దీన్లో లేదు నాన్నా. అంత ఆటని ఇది మొయ్యలేదు. ఎక్కడో పెద్ద కంప్యూటర్లో ఆడతాది. బొమ్మ మాత్రం నెట్లో మన కాడికొస్తాది. నువ్వు నొక్కింది అక్కడికెళ్తాది. క్లౌడంటారు."

"అంటే నొక్కేది ఇక్కడ, నడిసేది అక్కడ."

"అదే."

మేం ఇంకా మొదలుపెట్టనే లేదు, ఆనందపురం నుంచి బావ దిగాడు. అక్కడ పొలం చేసుకుంటున్నాడు. రెండు ఆనపకాయలు మా ఆవిడ చేతికిచ్చి, తెర వంక చూశాడు.

"ఏటి సేత్తన్నావ్ బావ? క్రేనా? నీకెందుకు, ఇలాగియ్యి. ఇది ఆపరేటర్ల పని."

కిటికీ పక్కన చేతుల ప్లాస్టిక్ కుర్చీ ఉంది. దాన్లో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. "ఇదే నా కేబిన్" అన్నాడు.

పొద్దుటి నుంచి ఇంట్లో వైఫై లేదు. అమ్మాయి తన ఫోను నెట్ కలిపింది. ఆట మొదలవగానే తెర మూల ఒక చిన్న పలక లేచింది. నేను పైకి చదివాను.

"నె... ట్... వర్కు... బ... ల... హీ... నం."

"నీ ఓనమాలు తర్వాత సదువుకుందుగానిలే, తప్పుకో" అని బావ ఆ పలకను నొక్కి పోగొట్టాడు.

పుల్ల ముందుకు తోశాడు. కొక్కెం కదల్లేదు. ఇంకా తోశాడు. అప్పుడు ఒక్కసారిగా ఉరికింది. కంగారుపడి వెనక్కి లాగాడు. అదీ ఆలస్యంగానే అందింది. పెట్టె ఉయ్యాలలా ఊగి లారీ నెత్తిన పడింది. రెండోది ఓడకు గుద్దుకుంది. మూడోది నీళ్లలో మునిగింది.

మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసింది. "ఏటన్నయ్యా, లారీ డ్రైవర్ని సంపేసినావా?"

"ఎదవ డబ్బా. పాడైపోనాది" అన్నాడు బావ.

"డబ్బా బాగానే ఉంది మావయ్యా. నెట్ వీకు. నువ్వు నొక్కినాక కాస్సేపటికి గానీ కదల్దు. డాబా మీదికెళ్దాం రండి, సిగ్నలుంటాది."

బలహీనం అంటే ఏమిటో నాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది.

"డాబా వద్దు. ఇక్కడే, ఇలాగే. లెగు బావ."

"లెగుతాన్లే. ఏలిముద్రలెయ్యడానికి అలవాటైన బొటనేలే గదా, ఎయ్యి ఎయ్యి!" అని కుర్చీలోంచి లేవకుండానే డబ్బా నా చేతికిచ్చాడు.

నిజమే. ఆ వేలే.

మొదటి పెట్టె నేనూ గుద్దాను. ఏ పుల్ల ఎటో తెలియక. బావ తొడ చరిచి నవ్వాడు. నేను పట్టించుకోలేదు. పుల్ల కదిపి, కొక్కెం కదిలేదాకా మనసులో లెక్కపెట్టుకున్నాను. ఒకటి, రెండు. ఇంతేనా?

బతుకంతా నేను చేసింది ఇదే కదా! నా చెయ్యి లేస్తే పైనున్నవాడు చూడాలి, చూసి మీట లాగాలి, అప్పుడు గానీ తాడు కదలదు. లోడు ఆగాల్సిన చోటికి వచ్చాక పిడికిలి బిగించే కళాసీ మనుషుల్ని చంపుతాడు. మూరెడు ముందే బిగించాలి. ఆపరేటరుకు మీట లాగగానే క్రేను పలుకుతుంది, ఆ ఎడం వాడికి తెలియదు. నాకు అన్నేళ్లూ ఆ ఎడంలోనే గడిచాయి.

హబీస్ అనుకుని పుల్ల తోశాను. పెట్టె లేచింది. లారీ వైపు నడిపి, ఇంకా దూరంగా ఉండగానే పుల్ల వదిలేశాను. పెట్టె తనంతట తాను వెళ్లి లారీకి సరిగ్గా పైన ఆగింది. అరియా. దిగింది. చప్పుడు కూడా లేదు. తర్వాతిది దించాను. ఆ తర్వాతిదీ దించాను. చివరిదానికి నెట్ ఇంకా మందగించింది, నేనూ ఇంకొంచెం ముందు వదిలాను. తెర మీద ఏవో మతాబులు కాలాయి.

"నాన్నా!" అని అమ్మాయి అరిచిన అరుపుకు పక్కింటి కుక్క మొరిగింది.

బావ కాలు మీంచి కాలు దించాడు. "అప్పుడు గేటు కాడ నానేదో కూసినాను గదా..."

"ఏటి కూసినావ్?" అన్నాను. నాకు గుర్తులేక కాదు.

"తలకాయ ఉండాల అన్నాను."

"ఇప్పుడేటంటావ్?"

"నీకుంది బావ. ముందే సదివినావు కూడా, నానే నొక్కి పారేసినాను. పైన కూకున్నోడికి కింద ఏటుందో కనపడనేదు."

గొప్పలు చెప్పుకుంటున్నానని మీరనుకుంటే అనుకోండి. అంతకంటే మంచి మాట నేను ఈ చెవులతో వినలేదు.

తర్వాత వాడే లేచి కుర్చీ నా వైపు జరిపాడు. "కూకో. నీ కేబిన్." నేను కూర్చున్నాను. వాడు నా పక్కన నిలబడి, బట్టతల మీదికి చెయ్యెత్తి, వేలు గిర్రున తిప్పి అరిచాడు. "హబీస్!"

చెయ్యి ఆలస్యంగా లేపాడు. కొత్త కళాసీ కదా, పోన్లే అనుకున్నాను. నేను అప్పటికే ఎత్తేశాను.

ఆ రోజు అక్కడున్నవాళ్లు వీళ్లు. నాకు సైగలు చేస్తూ మా బావ. ఫోను కదిలితే నెట్ పోతుందని ఊపిరి బిగబట్టిన మా అమ్మాయి. సగం చెక్కిన ఆనపకాయ చేత్తో పట్టుకుని గుమ్మంలో నవ్వుతున్న మా ఆవిడ, నా పంతులమ్మ. కేబిన్‌లో నేను.