మా ఇంటి ఎడమ పక్క

తమిళనాడులో వేలూరు దగ్గర గుడియాత్తంలో మా ఇంట్లో ఎడమ పక్క అంటే ఒకటే, మగ్గంలో కూర్చున్న నాయన ఎడమచేతి పక్క. ఎడమ పక్క పోగు తెగిందని ఆయన అంటే, మగ్గానికి అవతల ఆయనకు ఎదురుగా నిలబడిన అమ్మ ఆలోచించకుండా తన కుడిచేతి వైపు పోతుంది. ఎవరు ఎటు తిరిగి ఉన్నా లెక్క నాయనదే. లుంగీలు నేసినంత కాలం ఈ అలవాటుతో ఏ బాధా లేదు. నేను లా చదవాలనుకోవడంతో వచ్చింది తంటా.

లా కాలేజీ ప్రవేశ పరీక్షలో తమాషా లెక్కలు ఇస్తారు. ఎనిమిది మంది బెంచీ మీద కూర్చున్నారు, ఒకామె ఈ చివర, ఫలానా ఇద్దరూ పక్కపక్కన, ఒకాయన పక్కన ఇంకొకాయన కూర్చోడు, మరి నాలుగో చోట ఎవరు? బొమ్మ గీసుకుంటే తప్ప తేలదు. మొదటిసారి రాసినప్పుడు అక్కడే బోర్లాపడ్డాను. ఇంకొక్క ఏడాది చూద్దాం, అప్పటికీ రాకపోతే ఊళ్ళోనే బీకాంలో చేరిపొమ్మన్నాడు నాయన. కోపంగా అని ఉంటే పోట్లాడేదాన్ని. మెల్లగా అన్నాడు, దాంతో భయం పట్టుకుంది. నాకు లా తప్ప ఇంకేదీ వద్దు.

వేలూరులో కోచింగ్, రోజూ బస్సు. మాస్టారు బొమ్మ గీసే పద్ధతి నేర్పారు. చోటు ఖాయమైనవాళ్ళను ముందు కూర్చోబెట్టాలి. విడిపోకూడని జంటను ఒకే డబ్బాలో పెట్టి ఒక్క మనిషిలా జరపాలి. ఒకే వరసైతే గడగడా చేసేదాన్ని. రెండు వరసలు ఎదురెదురుగా కూర్చున్నాయంటే మాత్రం సున్నా. మాస్టారు నా బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, గీతలన్నీ చక్కగానే ఉన్నాయి, జవాబు ఎందుకు తప్పుతోందో తెలియడం లేదన్నారు. ఆయనకే తెలియకపోతే నాకేం తెలుస్తుంది?

ఒక ఆదివారం నూలు చుట్టిన రంగురంగుల కండెలను మనుషులనుకుని, నాయన కూర్చున్న వైపే నేనూ కూర్చుని, నేల మీద రెండు వరసలుగా పేరుస్తున్నాను. లెక్కను తెలుగులో పైకి చెప్పుకుంటున్నాను. నాయన మగ్గం ఆపి చూశాడు. ఆయన చదివింది ఐదో తరగతి వరకే, అదీ తమిళంలో. అవతలి వరసవాళ్ళు ఎటు చూస్తున్నారని అడిగాడు. మన వైపే అన్నాను.

"మరి వాళ్ళ ఎడమ పక్కని కూడా నా ఎడమచేతి పక్కే పెడతా ఉండావే. వాళ్ళు మీయమ్మ నిలబడే చోట ఉండారు గదమ్మా."

నేను కండెలను చూశాను. మగ్గానికి అవతల ఉన్న అమ్మను చూశాను. అమ్మ తన చేతులు రెండూ ముందుకు చాపి చూసుకుని, "ఇన్నేండ్లుగా మీ నాయన నాకు ఎడమచెయ్యే లేకుండా చేసినాడు" అంది. ముగ్గురం కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాం. ఆ మధ్యాహ్నం పక్కిళ్ళవాళ్ళను పిలిచి, నలుగురికి ఎదురుగా నలుగురిని వరండాలో కూర్చోబెట్టాం. మొగుడి పక్కన కూర్చోకూడదని లెక్కలో ఉంటే ఇంత మంచి లెక్క ఇంకోటి లేదని ఎదురింటి అత్త తేల్చేసింది. అంత సంతోషంగా నేను ఏ పాఠమూ నేర్చుకోలేదు.

అప్పటినుంచి ఎదుటి వరసకు ఒక బాణం గుర్తు గీసి, ఆ వరస నింపేటప్పుడు కాగితాన్నే తలకిందులు చేసేదాన్ని. పరీక్ష హాల్లోనూ అలాగే తిప్పుతుంటే, కాపలా ఉన్న మేడమ్ వచ్చి నా పక్కనే నిలబడింది. నిలబడనీ అనుకుని రెండో లెక్కకూ తిప్పాను.

సీట్లు ప్రకటించిన రోజు ఫోన్లో చూసుకుని, "సీటు వచ్చినాది నాయనా" అన్నాను. మగ్గం ఆగలేదు. వినపడలేదేమోనని దగ్గరికి పోయాను. ఆయన ముఖమంతా తడి. నీలం దారం పడాల్సిన చోట దారాన్ని అటూ ఇటూ తీసుకుపోయే నాడెను మార్చడం మరిచి బెత్తెడు ఎరుపే నేసేశాడు. విప్పేద్దామని అమ్మ వంగితే ఉండనిమ్మన్నాడు.

ఆ లుంగీని ఆయన అమ్మకానికి పంపలేదు. నన్ను కాలేజీలో చేర్చడానికి దాన్నే కట్టుకుని వచ్చాడు.